పిడికిలి దించిన సార్

ఆ రోజు నేను ఫస్టు షిఫ్టు డ్యూటీలో ఉన్నాను. డిస్పెన్సరీలో ఒక ఫిట్టర్ వేలికి కట్టు కడుతుంటే నా ఫోన్ మోగింది. చేతులకు గ్లవుజులు ఉన్నాయి కాబట్టి స్పీకర్ పెట్టమని ఆ ఫిట్టర్‌నే అడిగాను. అవతల సార్ ఇంటి పక్కన ఉండే మెకానిక్ చాచా.

"బేటీ, సార్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, కుర్చీల కూసున్నడు, గంతే," అన్నాడు.

కట్టు సగంలో ఉంది. నా చేతులు ఆగిపోయాయి. ఫిట్టర్ నా ముఖం చూసి, "ఏ సార్ అక్కా? జీకే సారా?" అని అడిగాడు. అవునన్నాను. అతను మిగిలిన కట్టు తన రెండో చేత్తో తానే చుట్టుకుంటూ, "నాకు గూడ సారే. ఉలాన్‌బాటర్ నేర్పిండు," అన్నాడు.

ఏడవబోయినదాన్ని నవ్వేశాను. ఆ తర్వాత ఏడ్చాను.

బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో మా వాడకట్టు వాళ్లలో మంగోలియా రాజధాని తెలియనివాళ్లు తక్కువ. దాంతో మాకేం పని అని అడిగితే చెప్పలేం. సార్ నేర్పారు, నేర్చుకున్నాం. ఆయన మా హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పాఠం అరగంటలో ముగించి, మిగతా సమయమంతా ప్రపంచాన్ని మా మీద కుమ్మరించేవారు. ఎత్తయిన కొండలు, పొడవైన నదులు, ఎవరు ఏం కనిపెట్టారు, ఏ దేశపు డబ్బును ఏమంటారు. జనరల్ నాలెడ్జ్ అనే మాటను మేం జీకే చేశాం, ఆ జీకే ఆయన ఇంటి పేరైపోయింది. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కు మాత్రమే తెలిసేది.

ఆయనకు వేళాపాళా ఉండేది కాదు. పెళ్లికి పిలిస్తే బంతిలో కూర్చుని, వడ్డించే కుర్రాళ్లను ఆపి ఆలుగడ్డ ఏ ఖండం నుంచి వచ్చిందో అడిగేవారు. నా పెళ్లిలో మా ఆయన్ని వదల్లేదు. మెడలో దండతో, నుదుట బాసికంతో పీటల మీద ఉన్న మనిషి ముందు వంగి, "అల్లుడూ, పొద్దు పొడిచే దేశమని దేన్నంటరు?" అన్నారు. మా ఆయన మందమర్రి మనిషి, సార్ సంగతి తెలియదు. కట్నం గురించి ఏదో తిరకాసు ప్రశ్న అనుకుని బిత్తరపోయాడు. నేను తల వంచుకునే మెల్లగా "జపాన్" అని అందించాను. "పెండ్లిపిల్ల చెప్పింది, మార్కు పెండ్లిపిల్లకే," అని అక్షింతలు వేసి దిగిపోయారు.

అడగడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ప్రశ్న వేసి కుడిచెయ్యి పైకెత్తేవారు. చిటికెన వేలు మొదలుకొని ఒక్కో వేలూ మడుస్తూ వచ్చేవారు. బొటనవేలు పడి పిడికిలి మూసుకుందా, ఇక జవాబు చెప్పినా చెల్లదు. "తెలివంటే తొందర. బండి పోయినంక స్టేషన్‌కు పోతే ఏం ఫాయిదా?" అనేవారు. ఆ పిడికిలి మా కాలనీ అంతటా పాకింది. బస్సు కోసం నిలబడ్డ పిల్లలు పిడికిలి ఆట ఆడేవారు. ఇళ్లలో అమ్మలు "ఏం కూర వండాలె?" అని అడిగి వేళ్లు మడిచేవారు, ఆలోగా చెప్పకపోతే పప్పే.

నేను ఆ ఆటలో దిట్టను. ఉంగరం వేలు వంగక ముందే చెప్పేసేదాన్ని. అందుకని నన్ను తెలివిగలదాన్ని అనేవారు, నేనూ నమ్మేదాన్ని. సార్ తయారు చేసిన క్విజ్ జట్టులో ఉండి పోటీలకు గోలేటి వెళ్లాను, మందమర్రి వెళ్లాను. ఆ పోటీలకు మేం వస్తున్నామంటే మిగతా స్కూళ్లవాళ్లు మొహాలు చూసుకునేవారు. ఒక ఊళ్లో మాత్రం మా పరువు పోయింది. మా జట్టులో కొత్తగా చేరిన పిల్లవాణ్ని, "రోజులో ఎన్ని పూటలు బాబూ, ఏమేమిటి?" అని తేలిక ప్రశ్నే అడిగారు. వాడు వెంటనే, "మూడు సార్. ఫస్టు, సెకండు, నైటు," అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. మా సార్ లేచి నిలబడి, "మా ఊర్ల గంతే. పిల్లగాడు తప్పేం చెప్పలే, మార్కు ఇయ్యాలె," అని వాదించారు. ఇవ్వలేదు. తిరుగు బస్సులో గోదావరి బ్రిడ్జి దాటేదాకా ఆయన గొణుగుతూనే ఉన్నారు.

ఇంతవరకూ చెప్పిన సార్ ఖనిలో అందరికీ తెలిసిన సార్. ఆయన పోయాక ఫోన్లలో తిరిగిన సంతాపాలన్నీ ఈ సార్ గురించే. మా ఇంటికి మాత్రం ఇంకో సార్ తెలుసు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

మా అమ్మాయి మాటల్లో నిదానం. నత్తి కాదు. ఏదైనా అడిగితే కళ్లు ఎక్కడో పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు మాటలు ఏరుకుని చెబుతుంది. ఇంట్లో మాకది అలవాటే. బడిలో ఎవరికి అంత ఓపిక? ఏడో తరగతికి వచ్చేసరికి ఆ ప్రైవేటు స్కూలువాళ్లు ఒక పరీక్ష పెట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీశారు. గంట కొట్టేసరికి మా అమ్మాయి సగమే రాసిందట. రాసినవన్నీ కరెక్టే. అయినా చివరి సెక్షన్‌లో వేశారు. కొత్త గది, కొత్త పిల్లలు, పక్క సెక్షన్ పిల్లలు పెట్టిన పేరు: మొద్దుల బ్యాచ్.

ఆ సాయంత్రం అన్నం తింటూ అది, "అమ్మా, నాకు తెలివి లేదా?" అని అడిగింది.

మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ఆపరేటర్. మనసు వెన్న. "లేకుంటే ఏంది బిడ్డా? నువ్వు నా బిడ్డవు గాదా?" అని దగ్గరికి తీసుకున్నాడు. ఆ మాట నాకు కంట్లో కారం పడ్డట్టయింది. ఓదార్పే, కాదనను. కానీ లేకుంటే ఏంది అంటే లేదనే కదా? పిల్లకూ అలాగే వినిపించింది. ఆ తర్వాత అది బడిలో నోరు విప్పడం పూర్తిగా మానేసింది. తెలిసినా చెప్పదు. తెలియకపోయినా అడగదు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. మార్కుల గురించి కాదు నా బెంగ. పన్నెండేళ్ల పిల్ల తన బుర్ర మీద తనే ఆశ వదులుకుంటే, ఆ తర్వాత ఎవరు ఎన్ని నేర్పినా ఎక్కడ నిలుస్తాయి?

సార్ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, చిన్న ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రాలు, ఆదివారం పొద్దున వాడలోని పిల్లలంతా ఆయన వరండాలో చేరేవారు. ఫీజూ లేదు, రిజిస్టరూ లేదు. పిడికిలి మాత్రం ఉంది. మా అమ్మాయి గోడ పక్కన కూర్చునేది. ప్రశ్న పడేది, వేళ్లు వంగేవి, తక్కిన పిల్లలు కోళ్లగూడు తెరిచినట్టు అరిచేవారు. ఇది పెదాలు కదిపేలోగా పిడికిలి మూసుకుపోయేది. వానలు పోయి చలి వచ్చినా అది ఒక్క జవాబు చెప్పలేదు.

ఒక రోజు సార్ నన్ను పక్కకు పిలిచారు. "పిల్ల మంచిది బిడ్డా. మస్తు మంచిది. గానీ జీకే లైను గాదు. డ్రాయింగో కుట్టుడో గిట్ల ఏదన్న చూడు," అన్నారు.

ఆయన మీద నాకు ఎంతో గౌరవం. అయినా ఊరుకోలేదు. "సార్, మీరు గూడ సెక్షన్లు పెడుతున్నరా?" అన్నాను.

సార్ గతుక్కుమన్నారు. కోప్పడతారనుకున్నాను. చెప్పులు వేసుకుని వెళ్తుంటే గేటు దాకా వచ్చి, "రానియ్యి. కూసుంటది తియ్యి," అన్నారు. ఆ అనడంలో జాలే తప్ప నమ్మకం లేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా పంపాను. ఆ వరండా తప్ప నాకు ఇంకో దారి కనిపించలేదు.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున. ఆదివారాలు నేను సార్ బీపీ చూసేదాన్ని. ఆయన ఎడమ చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతున్నాను. పిల్లలు చాపల మీద ఉన్నారు. సార్ రాజధానులు అడుగుతున్నారు. ఉన్నట్టుండి కిటికీ రెక్కలు టకటకమన్నాయి. వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. నా కింద స్టూలు కదిలింది.

సార్ తల కూడా ఎత్తలేదు. "బ్లాస్టింగు. ఆఁ, చిలీ రాజధాని?" అన్నారు.

"బ్లాస్టింగే," అన్నారు పిల్లలు. "బ్లాస్టింగే," అనుకున్నాను నేనూ. గనిలో బాంబులు పేల్చడం, ఇళ్లు అదరడం మాకు మామూలే. చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడరు. వాడలో ఒక్కరూ బయటికి రాలేదు. మరో ఊళ్లో అయితే ఈపాటికి జనం రోడ్డు మీద ఉండేవారు.

మా అమ్మాయి లేచి నిలబడింది.

"ఏందమ్మా, ఇంటికా?" అన్నారు సార్.

"బ్లాస్టింగ్ కాదు సార్."

"మరేంది?" అన్నారాయన. అలవాటు కొద్దీ కుడిచెయ్యి పైకి లేచింది. చిటికెన వేలు వంగింది. ఉంగరం వేలు వంగింది. పిల్ల కళ్లు ఎక్కడో ఉన్నాయి. మధ్యవేలు. చూపుడు వేలు, బొటనవేలు. "అయిపాయె! అయిపాయె!" అని పిల్లలు అరిచారు. పిడికిలి మూసుకుంది. సార్ చెయ్యి ఇంకా దించలేదు, అప్పుడు చెప్పింది.

"సైరన్ మోగలే సార్. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతది. ఇంకోటి, అది మధ్యాన్నం అయితది, పొద్దున కాదు. బ్లాస్టింగయితే ఒక్కసారి ధన్ అని అయిపోతది. ఇది ఊపుకుంట పోయింది." కాస్త ఆగింది. వాకిట్లో ఉన్న నీళ్ల గోలెం వైపు చెయ్యి చూపించింది. "సూడుండ్రి, నీళ్లు ఇంకా ఊగుతున్నయ్."

అందరం గోలెం వైపు చూశాం. ఎవరూ ముట్టుకోని నీళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా ఒరుగుతున్నాయి. సార్ పిడికిలి గాలిలోనే ఉంది. ఆయన దాన్నొకసారి, నీళ్లనొకసారి చూసుకున్నారు. తర్వాత చెయ్యి దించేశారు.

"లేవుండ్రి. అందరు బయటికి నడువుండ్రి. పుస్తకాలు గిస్తకాలు ఆడనే ఉండనియ్యుండ్రి. జల్ది," అన్నారు. వంటింట్లోంచి వాళ్లావిణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మేం ఆవిడను అమ్మ అంటాం. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. మేం రోడ్డు మీదికి వచ్చామో లేదో కమాన్‌పూర్ నుంచి సార్ తమ్ముడి ఫోన్. "అన్నా, మంచిగున్నరా? భూమి ఊగిందే! మా ఊరోళ్లందరు బయటికురికిన్రు. మీరు బయటికచ్చిన్రా లేదా?"

"వచ్చినం," అన్నారు సార్. మా అమ్మాయి వైపు చూసి, "మా పిల్ల చెప్పింది, వచ్చినం," అన్నారు.

మా పిల్ల అన్నారు. నేను విన్నాను. మా అమ్మాయి కూడా విన్నది.

ఇంకెవరైనా అయితే అక్కడితో సర్దుకునేవారు. అంత పెద్దమనిషి పొరపాటు పడ్డారని పిల్లలకు తప్ప ఎవరికి తెలుసు? సార్ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని మొదటి ఇంటి తలుపు కొట్టారు. ఎడమ చేతికి నా బీపీ పట్టీ అలాగే ఉంది, రబ్బరు గొట్టం వేలాడుతోంది. "ఇందాక ఊగింది బ్లాస్టింగ్ గాదు. భూకంపం. నేను గూడ బ్లాస్టింగే అన్న. తప్పు చెప్పిన. బయటికి రాండ్రి," అన్నారు. తర్వాత రెండో ఇల్లు. మూడో ఇల్లు. అదే మాట, అంతే గట్టిగా. ఎవరు చెప్పారని అడిగితే పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "గీమె చెప్పింది. నేనయితే చిలీ రాజధాని అడుగుతున్న," అనేవారు.

మావాళ్లను బయటికి రప్పించడం తేలికా? ఒక అవ్వ గుమ్మం దగ్గరే నిలబడి, "భూకంపమా? మరి మళ్లెప్పుడస్తదట? పొయ్యి మీద పప్పున్నది," అంది. ఇంకొకాయన నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడు, దుప్పటి కప్పుకునే వచ్చి అరుగు మీద మళ్లీ పడుకున్నాడు. మెకానిక్ చాచా ఊరుకుంటాడా? "ఇన్నేండ్ల సంది సార్ ఒక్కసారి గూడ తప్పు చెప్పలే. ఇయ్యాల చెప్పిండు. అందుకే భూమి ఊగిపాయె!" అన్నాడు. వాడంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది సారే.

ఆ నవ్వుల మధ్య నేను నా బిడ్డ ముఖం చూశాను. పొంగిపోవడం లేదు. నవ్వేవాళ్లను కాదు, సార్‌ను చూస్తోంది. జీకే సార్ అంతటి మనిషి తప్పు చెప్పానని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నా ఆయన ఏమీ తగ్గిపోలేదని దానికి అర్థమవుతోంది. నేను ఎన్ని బుజ్జగింపులు చెప్పినా అది నేర్చుకోలేనిది ఆ పొద్దున నేర్చుకుంది.

మరుసటి సాయంత్రం వరండాలో సార్ పిల్లలందరి ముందూ అన్న మాట నా మనసులో నిలిచిపోయింది. "నాకు బ్లాస్టింగ్ సంగతి తెల్సు. తెల్సు గనుకనే నేను సూడలే. ఆమె సూసింది." ఆ రోజు నుంచి ఆయన పిడికిలి ఎత్తలేదు. ఎత్తకపోవడం అంత తేలిక కాలేదు పాపం. ప్రశ్న వెయ్యగానే చెయ్యి దానంతటదే లేచేది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి దాచుకునేవారు. కొన్నాళ్లు చేతులు వెనక్కి కట్టుకునే పాఠం చెప్పారు. అమ్మ చూసి, "గీ వయసుల గోడకుర్చీ ఏసినట్టున్నది నీ యవ్వారం," అని ఆటపట్టించేది.

ప్రశ్నలూ మారాయి. వేప చెట్టు మీద కాకులు ఏ పూట ఉంటాయి, ఏ పూట ఉండవు? రామగుండం పొగగొట్టాల పొగ ఎండాకాలం ఎటు పోతుంది, వానాకాలం ఎటు పోతుంది? గనిలోంచి వచ్చే నీళ్లకూ బోరు నీళ్లకూ రుచి ఎందుకు తేడా? వీటి జవాబులు పుస్తకంలో ఉండవు. వారం రోజులు చూసి రావాలి. చూడకుండా చెప్పినవాళ్లను, "నువ్వు సూసినవా, అనుకున్నవా?" అని అడిగేవారు. వరండాలో అల్లరి తగ్గింది. ఈ కొత్త పద్ధతి నచ్చని తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. "పోటీ పరీక్షలకు గిది పనికిరాదు, సార్‌కు వయసు మీద పడ్డది," అన్నారు. ఆయన పట్టించుకోలేదు.

అలాగని రాజధానులను అటకెక్కించలేదు. ఎవరో పిల్లవాడు, "అన్ని ఫోన్ల ఉంటయ్ గద సార్, ఎందుకు యాది పెట్టుకోవాలె?" అంటే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "సామానంత కిరాణం దుకాణంల ఉన్నదని ఇంట్ల ఉప్పు గూడ పెట్టుకోవా? కొన్ని ఇంట్ల ఉండాలె. ఫోన్ జవాబు చెప్తది, సరే. ఏం అడగాల్నో ఎవలు చెప్తరు?" అన్నారు. నాతో మాత్రం ఒకసారి మెల్లగా, "ఇన్నేండ్లు నేను సామానే జమ చేసిన బిడ్డా. వండుడు సంగతి మీ పిల్ల యాది చేసింది," అన్నారు.

ఆ ఏడాది మందమర్రి పోటీకి మా అమ్మాయిని జట్టులో పెట్టారు. నేనే వద్దన్నాను. అక్కడ గంట కొడతారు, ఇది నోరు తెరిచేలోగా అయిపోతుంది, పిల్ల మళ్లీ కుంగిపోతుందని నా భయం. "కుంగనియ్యి. నేనున్న," అన్నారు. అనుకున్నట్టే అయింది. ఒకే ఒక్క జవాబు చెప్పింది, అదీ గంట కొట్టాక. జట్టు ఆఖరున నిలిచింది. సార్ జట్టు వట్టి చేతులతో రావడం ఎవరూ ఎరగరు. తిరుగు బస్సులో పిల్లలు బిక్కమొహాలతో ఉంటే, సార్ అందరికీ మిర్చి బజ్జీలు కొనిపెట్టి, "ఇయ్యాల మీకు తెల్వదని తెల్సిందేంది? ఒక్కొక్కలు చెప్పుండ్రి," అన్నారు. ఒకడికి రక్తం ఎక్కడ తయారవుతుందో తెలియదు. ఒకడికి మిర్చి ఏ ఖండానిదో తెలియదు. డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ, "సార్, నాకు హారన్ ఎట్ల మోగుతదో తెల్వది, రోజు కొడుత," అన్నాడు. ఖని వచ్చేదాకా బస్సంతా తమకు తెలియనివి చెప్పుకుంటూ వచ్చారట. మా అమ్మాయి ఇంటికొచ్చి ఇదంతా ఆగకుండా చెప్పింది. అది ఓడిపోయి వచ్చిందని నాకు గంట తర్వాత గుర్తొచ్చింది.

స్కూలువాళ్లు సెక్షన్ మార్చలేదు. ఇప్పటికీ అదే సెక్షన్. కానీ పోయిన ఏడాది వాళ్ల లెక్కల మేడం నన్ను పిలిపించి, "మీ అమ్మాయి క్లాసులో మరీ ఎక్కువ ప్రశ్నలు అడుగుతోందండీ, సిలబస్ ముందుకు సాగట్లేదు," అని ఫిర్యాదు చేశారు. నేను చాలా బాధ నటించి, బయటికొచ్చి జిలేబీ కొనుక్కుని, నేరుగా సార్ ఇంటికి వెళ్లాను. ఆయనకు షుగర్ ఉందని తెలిసీ ఒక ముక్క పెట్టాను. నర్సుగా అది తప్పే, తల్లిగా కాదు.

ఈ వానాకాలం నుంచి సార్‌కు ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు తిప్పాం. ఒకరోజు బీపీ చూస్తూ, "సార్, ఇంతకీ తెలివంటే ఏంది?" అని అడిగాను. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసి, "రేపు చెప్త," అన్నారు. మర్నాడు అడిగితే, "ఇంకా సూస్తున్న బిడ్డా," అన్నారు. ఒకప్పుడు ఏది అడిగినా ఠక్కున చెప్పిన మనిషి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు. నాకైతే ఆయన అలా ఆగడమే ఎంతో నచ్చింది.

అంత్యక్రియలకు గోలేటి నుంచి కూడా వచ్చారు. ఎవరో మైకు పట్టుకుని సార్‌కు తెలియనిది లేదన్నారు. అది విని నేనూ మా అమ్మాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయనకు తెలియనివి ఎన్నో ఉండేవి. వాటి గురించి చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. మైకు పట్టుకున్నాయనకు ఆ ముఖం చూసే అదృష్టం దక్కలేదు.

మూడో రోజు కాకి ముట్టాలని పిట్టకు పెట్టాం. విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకి రాలేదు. ఎంతకీ రాలేదు. సార్‌కు ఏదో కోరిక మిగిలిపోయిందని బంధువులు కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన విస్తరి ముందు వంగి ఏదేదో మాట ఇస్తున్నాడు. మా అమ్మాయి కాసేపు చెట్ల వైపు చూసి, "అమ్మా, కాకులు పొద్దుగాల మార్కెట్ దిక్కు పోతయ్. ఎండ ఎక్కినంక ఇటు వస్తయ్. నేను సార్ కలిసి సూసినం. జరసేపు ఆగుండ్రి," అంది. సార్ వాళ్లావిడ ఏడుస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరం నీడకు పోయి కూర్చున్నాం. ఎండ ఎక్కింది. కాకి వచ్చింది, ముందు గారె ముక్క ఎత్తుకుపోయింది.

ఆ సాయంత్రం మేం సామాన్లు సర్దుతుంటే పిల్లలు వచ్చారు. ఎవరూ పిలవలేదు. వచ్చి వరండాలో తమ తమ చోట్లలో కూర్చున్నారు. ఏం చెయ్యాలో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. అమ్మ మా అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు కూసో బిడ్డా వాళ్లతోటి," అంది.

"నాకు చెప్పుడు రాదమ్మా."

"చెప్పుమన్ననా? కూసో అన్న."

అది వెళ్లి వాళ్ల మధ్య చాప మీదే కూర్చుంది. రెండో తరగతి చదివే ఒక చిన్నపిల్ల, కొత్తగా చేరింది, దీని మోకాలు తట్టి అడిగింది. "అక్కా, సార్‌కు తెల్సినయన్ని ఇప్పుడు ఏడికి పోయినయ్?"

నేను లోపలి నుంచి వింటున్నాను. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. అన్నీ మీలోనే ఉన్నాయమ్మా అని చెప్పాలని తలుపు దాకా వచ్చాను. నేనింకా తొందర దాన్నే.

మా అమ్మాయి ఏమీ అనలేదు. దాని కళ్లు ఎక్కడో ఉన్నాయి. చిన్నపిల్ల దాని ముఖంలోకే చూస్తోంది. పక్కనున్నవాళ్లూ చూస్తున్నారు. ఒకడు కూడా అయిపాయె అనలేదు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. బొగ్గు లారీ ఒకటి సందు చివర మలుపు తిరిగింది, దాని చప్పుడు దూరమైంది. వీధి దీపం వెలిగింది. వరండా నిండా పిల్లలు నా బిడ్డ ఆలోచించడం పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని ఉన్నారు.